గొడుగు అక్షరాలు

గుణుపురంలో తొమ్మిదేళ్ళు
నాకు చొక్కాలే తెలుసు, మనుషులు తెలీదు.

నీలం గీతలది బ్యాంకు గుమస్తాది.
జేబు కింద సిరా మరక హైస్కూలు మేష్టారిది.
మూడో బొత్తాం ఎప్పుడూ తెగి వచ్చేది
మా వార్డు కౌన్సిలరుది.
బొగ్గులు ఊదుకుంటూ, మడతపెట్టి, లెక్కచూసి ఇచ్చేదాన్ని.
పేరడిగితే ఏటనుకుంటారో అని
కాలరు లోపల సుద్దముక్కతో గుర్తులు పెట్టుకునేదాన్ని:
చుక్క, నిచ్చెన, చేప.

మా ఊరు కాదు గదా.
గోడ మీద నోటీసు అంటిస్తే
అది వాళ్ళకి.

ఆషాఢంలో పాత బస్టాండు వీధి కాలవ పొంగింది.
మురుగు గుమ్మం దాటి బట్టల మూటల దాకా వచ్చింది.
నలభై రెండు జతలు మంచమెక్కించి
తెల్లార్లూ నేను నిలబడ్డాను.
పొద్దున్నే ఎదురింటి లొఖ్ఖి రైతా
చీర మోకాళ్ళ దాకా ఎత్తుకుని వచ్చి
వచ్చీరాని తెలుగులో
"సాయంత్రం వార్డు సభ, నువ్వూ రా" అంది.
"మీ భాష నాకు..."
"మురుగుకి భాషుందా?"

వెళ్ళాను. బడి వరండాలో ఓ మూల.
తలెత్తితే ముందు వరసలో
నా మడతలు కూర్చున్నాయి!
నీలం గీతలు. సిరా మరక.
వెనక్కి వాలిన కౌన్సిలరు
చేతి మీద కత్తిలాంటి గీత కూడా నాదే,
మొన్న నీళ్ళు చిలకరించి రెండుసార్లు లాగింది.
ఆ బట్టల పైన మొహాలుంటాయని
అప్పుడు చూశాను.

టెండరన్నారు, ఫండన్నారు, వచ్చే ఏడన్నారు.
నా చెయ్యి ఎప్పుడు లేచిందో నాకే తెలీదు.
సగం ఒడియా, సగం సికాకోళం:
"బాబూ, రాత్రి మీ చొక్కాలు మంచమెక్కాయి.
నేను మురుగులో నిలబడ్డాను."
ఎవరో నవ్వారు.
సిరా మరక నవ్వలేదు.
"కుహ మావుసీ, కుహ" అంది.
చెప్పు పిన్నీ, చెప్పు.
తొమ్మిదేళ్ళలో నన్నెవరూ
చెప్పమని అడగలేదు.

రిజిస్టరు తోశారు. తెలుగులో పెట్టాను సంతకం.
రాసుకునే కుర్రాడు పుస్తకం అటూ ఇటూ తిప్పి
"ఇవీ గుండ్రంగానే ఉన్నాయే" అన్నాడు.
నిజమే.
వాళ్ళ అక్షరాలు గొడుగు వేసుకుంటాయి,
మావి తలకట్టు పెట్టుకుంటాయి.
నెత్తి మీద ఏదో ఒకటి లేకుండా
రెండూ వీధిలోకి రావు.

అయిపోయిందని కాదు.
కాలవ సగం తవ్వి, పలకలు వేసి,
సైకిలు షాపు కాడ ఒగ్గేశారు.
ఆదివారం ఆదివారం ఎవరింటి ముందు ఎంత మట్టి తియ్యాలో
లొఖ్ఖీ నేనూ తగువాడుకుంటాం.
కుళాయి గది తాళం నా కొంగుకే ఉంటుంది.
కమిటీ కాగితంలో సింహాచలమ్మని
సీమాంచలి అని రాశారు.
దిద్దించలేదు. దేవుడొక్కడే గదా,
పైగా సీమ అంచున ఉన్నదాన్ని,
అదీ నప్పింది.

"మన ఊరా అది? నీకెందుకు పిన్నీ?"
హిరమండలం నించి మా అక్క కొడుకు ఫోను.
ఎందుకేటిరా,
ఈ కాలవ ఇలాగే పారి వంశధారలో పడి
రేపు మీ రేవుకే వస్తాది.

నిన్న కౌన్సిలరు చొక్కా వచ్చింది. తెల్లది.
మూడో బొత్తాం కుట్టాను.
సుద్దగుర్తు పెట్టలేదు, పేరు తెలుసు: అరఖిత బాబు.
మడతలో ఓ చీటీ పెట్టాను,
లొఖ్ఖి గుంట నేర్పిన అక్షరాలతో
"బాకి నాళ కెబే?"
మిగతా కాలవ ఎప్పుడని.

గొడుగులు కొంచెం వంకరపోయాయి.
పరవాలేదు,
వానకింకా పది రోజులుంది.