కింది రెప్ప

బొటనవేలితో కింది రెప్పను లాగి చూస్తాను.
లోపల దానిమ్మ గింజ రంగుండాలి.
మస్తాన్‌బీకి కడిగిన బియ్యం రంగుంది.

గుంటూరు మిర్చి యార్డు వెనక వీధి మాది.
అంగన్‌వాడీకి కిటికీ ఉంది గానీ తెరవం,
తెరిస్తే పిల్లలంతా ఒకేసారి తుమ్ముతారు.
ఇక్కడి ఆడవాళ్ళు పొద్దున ఆరింటికల్లా
కోల్డ్ స్టోరేజీ షెడ్డులో కూర్చుంటారు.
కాయ ఇటు, తొడిమ అటు,
కిలోకింత.
గోళ్ళ సందుల్లో, చీర కుచ్చిళ్ళలో,
చంటిదాని బుగ్గ మీద తల్లి వేలి గుర్తులో కూడా
ఎరుపే.
నేను సూదితో గుచ్చి తీసిన చుక్క మాత్రం
పలచగా, అరువు తెచ్చుకున్నట్టు వచ్చింది.
ఏడున్నర.

"ఎంతుండాలి టీచరమ్మా?"
పన్నెండు.
"అయితే ఫెయిలే" అని నవ్వింది.

గోడ మీద పై ఆఫీసు పంపిన చార్టు.
అందులో ఆపిల్, కివీ, ఆకుపచ్చ పువ్వులాంటిదేదో.
దాని పేరు నోరు తిరగక
"క్యాబేజీ చెల్లెలు" అన్నాను.
పట్నం బజార్లో దొరుకుద్దా అంది ఏస్తేరు రాణి.
దొరికినా మనం అటువైపు నడవం.

ఆ నెల టీ మానమని చెప్పాను.
అన్నం తిన్న వెంటనే టీ తాగితే
అందులోని ఇనుము ఒంటికి పట్టదని
ట్రైనింగులో రాసుకున్నది రాసుకున్నట్టే చదివాను.
మస్తాన్‌బీ చివరిదాకా వింది.
"టీకి ముందు అన్నం ఎప్పుడు తిన్నామమ్మా?
పదింటికో గ్లాసు, పన్నెండింటికో గ్లాసు,
రెండింటి దాకా ఆకలి నోరెత్తదు.
లేచెళ్ళి తినొస్తే రెండు కిలోలు పోతాయి."
నా నోట్సులో ఆ పేజీ లేదు.

తర్వాత జరిగింది నేను చెప్పిన పాఠం కాదు.
మస్తాన్‌బీ చిన్నోడు బాజీకి నాలుగేళ్ళు.
నన్ను చూసి చూసి నేర్చాడు.
గుమ్మం పక్కన కట్టేసిన వీరాయమ్మ మేకని పట్టుకుని
బొటనవేలితో దాని కింది రెప్ప లాగాడు.
మేక అరిచింది. వాడు వదల్లేదు.
"టీచర్! దీనికుంది రక్తం!"

అందరం వంగి చూశాం.
ఉంది. అచ్చంగా దానిమ్మ.
"ఏం మేపుతున్నావే దీనికి?"
"ఏముంది, కాటా వెనక మునగచెట్టు రెమ్మలు.
కాయలు బజారుకి పోతాయి,
ఆకెవరిక్కావాలి?"

కాసేపు ఎవరూ మాట్లాడలేదు.
మేక నెమరేస్తోంది.

చార్టు తిరగేశాను, వెనక తెల్లగా ఉంది.
ఏస్తేరు రాణి గీసిన మునగరెమ్మ చేపముల్లులా వచ్చింది,
అయినా అందరూ గుర్తుపట్టారు.
పక్కన కాలవ గట్టు పొన్నగంటి, నువ్వులు, బెల్లం, రాగులు.
మా అత్త బాలింతకి ఇదే పెట్టేదని ఒకరు,
మా అమ్మ గోంగూరలో శనగపప్పేసేదని ఒకరు.
ఎప్పుడు మానేశారో మాత్రం
ఎవరికీ గుర్తు రాలేదు.

నీడన ఆరిన మునగాకు,
షెడ్డులో అడుగు రేటుకి పోయే తాలుకాయ గుప్పెడు,
నువ్వులు, చింతపండు, వెల్లుల్లి.
రోట్లో దంచుతుంటే ఆ రోజు కిటికీ తెరిచాం,
లోపలి ఘాటు బయటికి పోవాలని.
పొట్లాలు కట్టి చెంగున ముడేసుకున్నారు.
పదింటికి, కుడిచేయి కడుక్కుని,
చద్దన్నంలో పొడి కలిపి, నిమ్మచెక్క పిండుకుని
కూర్చున్న చోటే నాలుగు ముద్దలు,
ఎడంచేత్తో తొడిమలు లాగుతూనే.
టీ మానలేదు. గంట వెనక్కి జరిగింది.

మూడు నెలలకి ఎనిమిది పాయింట్ ఆరు.
పన్నెండు కాదు.
మాత్రలు కూడా ఇచ్చాను,
మింగుతోందనే అనుకుంటున్నాను.

నిన్న రిజిస్టరు రాసుకుంటుంటే
మస్తాన్‌బీ వచ్చి ఎదురుగా కూర్చుంది.
"మూడుసార్లు సబ్బెట్టి కడిగాన్లే" అంటూ
నా గడ్డం పట్టుకుని
కింది రెప్ప లాగింది.
చాలాసేపు చూసింది.

"నీకెవరూ చూడరా టీచరమ్మా?"

చెంగు ముడి విప్పింది.