హద్దురాయి కోసం

కణేకల్లు చెరువు కట్ట దిగగానే
చెప్పులు చేతిలోకి తీసుకోమన్నాడు గాదిలింగప్ప.
"మొదలు బురద, ఆమీట ఇసక, మేడమ్.
రెండూ చెప్పుల్ని తినేటివే."

జమ్ము నా భుజం దాకా ఉంది.
దాని నడుమ బర్రెలు తొక్కి తొక్కి చేసిన దారి,
బర్రెకు సరిపోయేంతే.
అడుగేసిన చోటల్లా నల్లటి బుడగ లేచి
కుళ్ళిన తుంగ వాసన.
నీటికోడి ఒకటి,
నీలి రైక తొడుక్కున్న ముసలమ్మలా
మమ్మల్ని తిట్టుకుంటూ పక్కకు జరిగింది.
నా సంచిలో టేపు, గొలుసు, పటం నకలు,
మోకాళ్ళ దాకా హెచ్చెల్సీ నీళ్ళు.
తుంగభద్ర అంత దూరం నడిచొచ్చి
ఇక్కడ కూలబడింది,
ఇంక నా వల్ల కాదన్నట్టు.

"సముద్రం సూసినావా మేడమ్?"
లేదన్నాను.
ఉద్యోగం వచ్చిన ఏడు చూద్దామనుకున్నా,
కుదరలేదు.
"నేను సూసినా. బుడ్డల లారీకి క్లీనరుగా పోయి, బందరులో."
ఎట్లుంది?
జమ్ము అయిపోయేదాకా జవాబు లేదు.
"మన హగరి మాదిర్నే ఉండాది.
తడిసిండాది, అంతే."

బురద ఎక్కడ ఆగిందో
ఇసక ఎక్కడ మొదలైందో
పటంలో గీత ఉంది.
కాళ్ళకు లేదు.
తడి పాదాలకు ఇసక పట్టి
పిండిలో పొర్లించిన చేపలయ్యాయి రెండూ.
కాసేపు చల్లగా, ఆ తర్వాత
ఉన్నట్టుండి పెనం.

దిబ్బ ఎక్కుతుంటే
రెండడుగులు నావి, ఒకటి దానిది.
కొన మీద నిలబడి ఊపిరి తీసుకుని చూస్తే
దిబ్బ వెనక దిబ్బ, దాని వెనక ఇంకోటి,
వీపుల మీద గాలి దువ్విన గీతలు.
అలలంటే ఇట్లాగే ఉంటాయేమో,
కాకపోతే ఇవి ఒడ్డు చేరడానికి
ఒక్కోటి ఒక మనిషి ఆయుష్షంత తీసుకుంటాయి.
ఆషాఢం గాలి ఇంకా రాలేదు.
వస్తే ఈ కొన ఇక్కడ ఉండదట.

కరెంటు స్తంభం నడుము దాకా మునిగింది.
"భయపడొద్దు, కరెంటు పీకేసి పన్నెండేండ్లాయ."
అన్నాడే గానీ
వైరు కింద తనూ వంగే దాటాడు.

సర్వే నంబరు రెండు వందల పద్నాలుగు ఎక్కడ గాదిలింగప్పా?
"నువ్వు దాని మిందే నిలబడిండావు.
రెండు నిలువుల కింద ఉండాది."

నా దగ్గరున్న ఫారంలో నేల రకాలున్నాయి:
నల్లరేగడి, ఎర్రనేల, గరుసు, చౌడు.
ఇసకకు గడి లేదు.
ఇసకను నేలగా ఎవరూ అనుకోలేదు,
నేల మీదికి వచ్చిన చుట్టమనుకున్నారు.

స్తంభం నుంచి పెదాలు కదిలిస్తూ అడుగులు లెక్కపెట్టి
నలభై ఒకటి దగ్గర మోకాళ్ళ మీద కూలబడి
రెండు చేతులతో తవ్వసాగాడు.
తోడిన గుంటలోకి ఇసక
తొందరేమీ లేకుండా, మర్యాదగా
జారి వచ్చి కూర్చుంటోంది.
మోచేతి లోతులో రాయి తగిలింది.

హద్దురాయి కాదు.
కపిల బావి రాతికూసం, దాని తల.
మోకు ఒరిసి ఒరిసి పడిన గాడిలో
వేలు పెట్టి చూపించాడు.
నా వేలు కూడా పెట్టనిచ్చాడు.
లోపల నున్నగా ఉంది,
ఇంత ఎండలోనూ చల్లగా.

"మా నాయన ఎద్దుల్లో ఒగదాని పేరు కరియన్న.
ఇంగోటి..."
నుదురు రుద్దుకున్నాడు. రాలేదు.
ఆకాశం వైపు చూశాడు. అక్కడా లేదు.
నేను టేపు విప్పి, కొలవడానికేమీ లేక
గుంట లోతు కొలిచాను. రెండడుగుల ఒక అంగుళం.
రాసుకునేలోపు రెండడుగులే.

తిరిగొచ్చేటప్పుడు ఎవరమూ మాట్లాడలేదు.
జమ్ములోకి దిగాం.
ఇసకంతా కాళ్ళనుంచి కరిగి నీళ్ళలో కలిసింది.
సగం దారిలో, నడుములోతు తుంగలో,
గాదిలింగప్ప ఠక్కున ఆగి
"సుంకడు!" అని కేక పెట్టాడు.

చెరువులో ఉన్న పక్షులన్నీ లేచాయి.