అల్పపీడనం

కార్తీకం వచ్చిందంటే మద్రాసులో
అందరూ వాతావరణ నిపుణులే.
ఐనావరం బస్టాపులో తడి గొడుగు మడుస్తూ ఒక పెద్దాయన
"బంగాళాఖాతంలో డిప్రెషనట" అన్నాడు తెలుగులోనే,
నా చేతిలో పేపరు చూసి కాబోలు.
తలూపాను.
నా సంచిలో కీల్పాక్ ఆసుపత్రి చీటీ, నెలకు సరిపడా మాత్రలు,
వాటి మీద, కనపడకుండా,
ఒక కొత్తిమీర కట్ట.

మా ఆఫీసులో ఆ మాటకి గాలివేగంతో పనిలేదు.
క్యాంటీన్లో పొంగల్ అయిపోతే తిలోత్తమకి డిప్రెషన్.
పొద్దున పనిచేసి మధ్యాహ్నం మొండికేసే
జెరాక్స్ మిషన్‌కి బైపోలార్.
పెన్నులన్నీ ఒకే దిక్కుకి తిప్పి పెడుతూ
"నాకు కొంచెం ఓసీడీలెండి" అని మురిసిపోతాడు మదనగోపాల్,
కొత్త వాచీ చూపించినట్టు.
లెక్క తప్పినవాణ్ణి ఎవర్నైనా
"బస్సెక్కించి కీల్పాక్ పంపండ్రా" అంటారు.
నేనూ నవ్వుతాను.
నవ్వకపోతే, ఎందుకు నవ్వలేదంటారు.

ఆ కీల్పాక్‌లో, మందుల కిటికీ వరసలో
గుమ్మిడిపూండి నుంచి వచ్చే గజేంద్ర నిలబడతాడు.
ఏ కాలు ముందు పెట్టాడో గుర్తురాక
గడప దగ్గరికే మళ్ళీ మళ్ళీ వెళ్ళొస్తాడు.
కడిగి కడిగి వేళ్ళ సందుల్లో
చర్మం పాలమీగడలా లేచిపోయింది.
వాళ్ళమ్మ కొబ్బరినూనె సీసా కొంగున ముడేసుకుని తిరుగుతుంది.
ఒకసారి ఊసుపోక అతనికి
మదనగోపాల్ పెన్నుల సంగతి చెప్పాను.
చాలాసేపు ఆలోచించి అడిగాడు:
"ఆయనకి సర్దడం అయిపోతుందా అక్కా?"

పోయిన మార్చిలో ఒక మంగళవారం
దుప్పటి తీయడానికి నాకు చేతులు రాలేదు.
పాలపాకెట్ తలుపుకి వేలాడి వేలాడి విరిగిపోయింది.
పదకొండింటికి మేనేజర్‌కి ఫోన్ చేసి
మొట్టమొదటిసారి నిజం చెప్పాను.
"సార్, నాకు డిప్రెషన్."
"ఎవరికి లేదమ్మా, ఇయర్ ఎండింగ్ కదా!"
మంచివాడే. మంచిగానే నవ్వాడు.
చేతులు మారి మారి చీకిపోయిన పది రూపాయల నోటుని
కొట్టువాడు వేలితో వెనక్కి తోసినట్టు
ఆ మాట నా దగ్గరికే తిరిగొచ్చింది.
కాసేపాగి మళ్ళీ చేసి
"జ్వరం" అన్నాను.
రెండ్రోజులు సెలవిచ్చాడు,
మిరియాల కషాయం ఎలా కాయాలో కూడా చెప్పాడు పాపం.

అమ్మది వేరే కథ.
చారులో ఉప్పు రెండుసార్లు వేసినా
వానలో తడిసొచ్చినా
"పిచ్చిమొహమా" అంటూ తుండుతో నా తల తుడిచేది.
పిచ్చితల్లి, పిచ్చిసన్నాసి, తిక్కలదానా...
మా ఇంట్లో ముద్దుకి వేరే భాషే లేదు.
డాక్టరమ్మ చీటీ మీద జబ్బు పేరు రాసిన రోజునుంచి
అమ్మ ఆ మాట మానేసింది.
పెదవుల దాకా వస్తుంది,
అన్నంలో రాయి తగిలినట్టు నోరు ఆగుతుంది,
తరవాత "మందాకినీ" అంటుంది,
బళ్ళో హాజరు పిలిచినట్టు, పూర్తి పేరు.
ఆఫీసులో విననట్టు ఉండగలను.
ఇంట్లో వినపడని ఆ ఒక్క మాట మాత్రం
రోజంతా చెవిలో ఉంటుంది.

ఈ సాయంత్రం ఇంటికొచ్చేసరికి టీవీలో
వాతావరణశాఖాయన నిదానంగా చెబుతున్నాడు:
నిన్నటిది అల్పపీడనం, పొద్దుటిది తీవ్ర అల్పపీడనం,
ఇప్పుడే వాయుగుండం.
కొలత దాటితే గానీ పేరు మార్చడు.
పేరు మారగానే
రేవులో హెచ్చరిక జెండా ఎగరేస్తారు,
పడవలన్నీ ఒడ్డుకొచ్చాయా అని అడుగుతారు.
సంచి దించకుండా అలాగే నిలబడి విన్నాను,
కొంగులోంచి నీళ్ళు గచ్చు మీద కారుతుంటే.

అమ్మ తుండు తెచ్చింది.
ఏదో అనబోయి ఆగింది.
"పిచ్చిదాన్లా తడిశానే అమ్మా"
నేనే అన్నాను, ముందుగా.
నా తలమీద తుండు ఒక్క క్షణం కదల్లేదు.
తరవాత అమ్మ
చెవులు మండేలా
గట్టిగా తుడిచింది.