శాంపిల్

మా మిర్చి యార్డులో
ఎవడి దగ్గు ఎవడిదో తెలీదు.
కళ్ళెందుకు ఎర్రబడ్డాయని ఎవరూ అడగరు,
ఒళ్ళు మండితే కాయ మండిందంటారు.
పద్దెనిమిదేళ్ళుగా కాటా రాస్తున్నాను
ఏ టిక్కీ ఎంత తూగిందో, తరుగెంత పోయిందో.
నా తరుగు మాత్రం ఏ చిట్టాకీ ఎక్కలేదు.

పోయిన మాఘంలో జ్వరం వచ్చింది. పది రోజులు.
గొంతులో ఎండుకాయ ఇరుక్కున్నట్టు,
మెడ పక్కన, చంకల్లో రేగుగింజలంత బిళ్ళలు,
రాత్రి పక్కంతా తడిసే చెమట,
ఛాతీ మీద దురదైనా లేని ఎర్ర మచ్చలు.
"తేజ కాటా పెట్టావుగా, ఆ ఘాటే" అన్నాడు నాగుల్ మీరా.
"సీజను" అని సూది పొడిచాడు సుభానీ డాక్టరు.
మాకు ఏ రోగానికైనా ఈ రెండే పేర్లు.
పదకొండో రోజు,
అప్పిచ్చినవాడు అడక్కుండానే వెళ్ళిపోయినట్టు
జ్వరం దిగిపోయింది.

దానికి మూడు వారాల ముందు
సరుకుతో పాటు లారీలో నాగపూర్ పోయాను.
దారిలో ఒక రాత్రి.
ఆ రాత్రికి రసీదు లేదు.

ఆ రాత్రినీ ఈ జ్వరాన్నీ
ఒకే కాటా మీద పెట్టి చూడ్డానికి
నాలుగు నెలలు పట్టింది నాకు.
మే నెలలో యార్డుకి సెలవులిచ్చారు.
పని లేని మనిషికి తన ఒళ్ళు కనబడుతుంది.

మా దగ్గర కొనేవాడెవడూ
మూట మొహం చూసి ధర కట్టడు.
కడుపులో చెయ్యి పెట్టి పిడికెడు తీస్తాడు,
కాయ విరిచి గింజ చూస్తాడు, తేమ చూస్తాడు,
ఎర్రటి తోలు వెనక బూజుందేమో వెతుకుతాడు.
ఎన్ని వేల మూటలకి పక్కన నిలబడ్డానో!
నా మూట విప్పడానికి మాత్రం
పెద్దాసుపత్రి గేటు ముందు మూడుసార్లు టీ తాగి
మూడుసార్లు ఇంటికొచ్చాను.

నాలుగోసారి లోపలికి పోయాను.
"ఏం బాధ?" అంది వహీదా మేడం.
"తూకం తగ్గింది" అన్నాను.
ఆమె తలుపు దగ్గరగా వేసి
రేటు అడిగినంత మామూలుగా అన్నీ అడిగింది.
ఇవే బిళ్ళలతో వచ్చినవాళ్ళకి టీబీ తేలిందట,
కొందరికి ఏమీ లేదట,
ఏ గుర్తూ లేకుండా ఏళ్ళు తిరిగినవాళ్ళకి ఉందట.
"గుర్తులు తలుపు తడతాయి, పేరు చెప్పవు.
పేరు రక్తమే చెప్పాలి."

సిరంజిలోకి ఎక్కింది,
తేజ కన్నా కాస్త ముదురు రంగు.
చూడ్డానికి మేలురకమే.

బెంచీ మీద నా పక్కన
కడుపుతో ఉన్న పిల్ల బత్తాయి ఒలుచుకుంటోంది.
"కడుపుతో ఉంటే అందరికీ చేస్తారంట అన్నా" అంది,
ఎందుకొచ్చావని అడక్కుండా
ఒక తొన నా చేతిలో పెట్టింది.
ఆ పులుపు ఇంకా నాలిక మీదుంది.

మూడు రకాలుగా చూశారు. మూడూ ఒకే మాటన్నాయి.
"తరుగెంత మేడం?" అన్నాను.
ఆమె నవ్వలేదు.
"తొందరగానే వచ్చారు. రోజుకొక మాత్ర.
ఒక్క రోజు కూడా తప్పకూడదు."

సువార్తకి ఆ రాత్రే చెప్పాను.
తొడిమలు తీసినట్టు
చాలాసేపు కొంగు అంచు గిల్లుతూ కూర్చుంది.
నాగపూర్ గురించి ఒక్క మాటా అడగలేదు.
తెల్లారాక చెప్పులేసుకుని
"పద, నాకూ చూడమను" అంది.
ఆమె చీటీలో లేదని వచ్చింది.
మూడు నెలలకి మళ్ళీ రమ్మన్నారు.
ఆ తేదీ క్యాలెండర్‌లో రాసింది ఆమే,
నేను కాటా రాసే ఎర్ర పెన్నుతో.
నాతో మాట్లాడింది మాత్రం తొమ్మిదో రోజున,
రాత్రి, మాత్ర వేళకి:
"నీళ్ళు ఇక్కడ పెట్టా."

యార్డు తెరిచారు.
నాగుల్ మీరా మూడు మూటలకే చతికిలబడ్డాడు.
మెడ తడుముకుంటూ "సీజను" అన్నాడు.
అవునని అనబోయాను.
పుస్తకం మూసి వాడి చెయ్యి పట్టుకున్నాను.
"టీ తాగుదాం రా
పెద్దాసుపత్రి గేటు దగ్గర.
ఒక్కసారే."