నాలుగో జీరంగి

మామునూరు రన్‌వే పక్కన రేకుల షెడ్డు.
మొదటి విమానానికి మొగిలాచారి
బొగ్గుముక్కతో బండల మీదనే గీసిండు రెక్క వంపు.

నేను కొత్తవాడ నుంచి వచ్చిన.
జంపఖానాలు నేసిన చేతులకు
రెక్కకు గుడ్డ తొడిగే పని.
జానెడుకు మూడు కుట్లు, కుట్టుకో ముడి,
మైనం రాసిన దారం.
మందు పూసి ఆరబెడితే గుడ్డ బిగుస్తది.
వేలితో కొడితే
మంట కాడ కాగిన డప్పు లెక్క మోగాలె.
మోగకపోతే ఆచారి ఏమనడు,
కత్తెర చేతికిస్తడు.

మొదటి జీరంగి తోక నేలకానించి
ముక్కు మొగులుకెత్తి కూసునేది.
లోపలున్నోళ్లకు ముందున్న బాట కనబడదు.
ఓనాడు బాట మీద బర్రె.
బర్రె బతికింది.
చెక్క పంకా మూడు ముక్కలయింది.

రెండోదానికి ముక్కు కింద చక్రం పెట్టినం.
బాట కనబడ్డది గని
దిగేటప్పుడు ముక్కు ఎత్తబోతే ఎత్తదు.
బ్యాటరీని సీటెనకకు జరిపినం,
ఇంకో బెత్తెడు, ఇంకో రెండేళ్లు,
కూరగాయలామె తక్కెడ సరిజూసినట్టు.

మూడోది మొత్తం అల్యూమినియం.
కాజీపేట రైల్వేల రివిట్లు కొట్టి
రిటైరైన యాకూబ్ వచ్చిండు.
వానకు నానదు, ఎండకు చీకదు అన్నడు. నిజమే.
ఆ ఏడాదంత నేను సీట్లకు కవర్లు కుట్టిన.
కోపమేం లేదు.
ఎవరు లేనప్పుడు ఒక్కసారి
రెక్క మీద వేలితో కొట్టి చూసిన.
నూనె డబ్బా.

వేగం పెరగంగనే దాని తోక వణికింది,
చలిజ్వరమొచ్చినట్టు.
పైలట్ సక్కుబాయి దిగి
చాయ్ గిలాస పట్టుకుంటే
గిలాసల చాయ్ గూడ వణుకుతున్నది.
మూడు రాత్రులు లెక్కలు చేసి ఆచారి
"చుక్కాని బరువైంది" అన్నడు,
నా దిక్కు చూడకుండ.

నాలుగోదానికి రెక్కలు రేకువే.
చుక్కాని మాత్రం గుడ్డది.
సూదుల డబ్బా మూతకు తుప్పు పట్టింది,
స్క్రూడ్రైవర్ పెట్టి తీసిన.

షెడ్డు మూలకు మొదటిదాని పక్కటెముక
మేకుకు యాలాడుతది.
దుమ్ము దులిపి
కొత్త రెక్క మీద ఆనించి చూసిన:
అదే బొగ్గు గీత,
నడుమ వెంట్రుక దూరదు.

మొన్న మందు ఆరినంక
యాకూబ్ చుక్కాని మీద వేలితో కొట్టి
చెవి ఒగ్గిండు.
"మోగుతున్నదేంది?" అన్నడు.

మళ్ల కొట్టమన్న.