పదకొండో నిమిషం

లక్డీకాపూల్ సందుల, జిరాక్స్ షాపు మీద హాలు.
నూటముప్పై కుర్చీలు.
రెండు ఏసీల్ల ఒకటే మాట్లాడుతది,
ఇంకోదానికి నోరు పడిపోయింది.

మూడో వరుసల కూసున్న.
ఇంత దగ్గర మనుషులు వాయించంగ
ఎన్నడు చూడలే నేను.
నాకు తెలిసినయి స్పీకర్లు,
వాటి నడుమ చినిగిన నల్ల కాయితం,
దానికి నేనేసిన ఫెవికాల్ మాట్లు.

నలుగురు వచ్చిన్రు.
బ్యాండు పేరు ఏడుంబావు.
డెంజిల్ వాళ్లింట్ల, లాలాగూడ రైల్వే క్వార్టర్ల,
ఆగిపోయిన గోడగడియారం పెట్టిన పేరంట.
ఆయనకిప్పుడు రెండు జతల కండ్లద్దాలు,
ఒకటి కాయితానికి, ఒకటి మనుషులకు.
సఫ్దర్ మోకాలికి పట్టీ.
రుస్తుం మొదటి పాటలనే ఒక స్వరం జారవిడిచి
కాళ్ల కింద వెతికినట్టు చేసిండు.
అందరం నవ్వినం.
దానయ్య నవ్వలే. ఆయన బేస్ గిటార్
బస్సుల పక్కసీటు మనిషి లెక్క
మా పక్కటెముకలకు ఒరిగి కూసుంది.

తర్వాత ఆ పాట.
ఇరవై రెండు నిమిషాలది.
కోఠిల నా డబ్బాకు పై అంతస్తుల మృదంగం సారు
మెట్లు దిగుకుంట చెప్పిన లెక్కే:
మూడు, నాలుగు. తకిట తకధిమి.
తొడ మీద వేస్తున్న,
నా వేళ్లకింకా సోల్డరింగ్ మచ్చలు.

ఒక మాట చెప్పాలె.
ఎనభై ఏడుల, వానకాలం,
ఒక పిల్లగాడు ప్లాస్టిక్ సంచిల రీలు తెచ్చిండు.
‘అన్నా, కాపీలు.’
అరవై నిమిషాల క్యాసెట్.
ముందు మూడు పాటలు పోంగ
ఆ పక్కకు మిగిలినయి పదకొండు నిమిషాలు.
వెనక ఇంకో రెండు పాటలున్నయి,
ఎటు జరిపినా ఏదో ఒకటి తెగాలె.
తొంభైది కొందామంటే
ఒక్కోదానికి ఎనిమిది రూపాయలెక్కువ.

కోసిన.
వాల్యూం మెల్లగ దించిన,
పాప నిద్రపోయినంక
దుప్పటి కప్పినంత మెల్లగ.
రెండో పక్క మళ్ల అట్లనే లేపిన.
నూట నలభై కాపీలు, తొమ్మిది రాత్రులు.
ఆ అతుకు దగ్గర ఏముండెనో
నేను సక్కగ వినలే.
అప్పుడే ఎవరో ఇస్త్రీపెట్టె పట్టుకొచ్చి
బేరమాడుతున్నరు.

ఇప్పుడు పది దాటింది.
నా కుడిచెయ్యి దానంతటది లేసింది,
బటన్ కోసం.
సిగ్గయి పక్కకు చూసిన.
బట్టతలాయన చెయ్యి కూడ గాలిలుంది.
ముందు వరుసల తెల్లజడామె బొటనవేలు
కనపడనిదేదో నొక్కుతున్నది.
గోడకానుకున్న లెక్చరర్ లాంటాయన
అరచెయ్యి అటు తిప్పిండు, ఇటు తిప్పిండు.
ఎవరెవరో తెల్వదు,
ఏ హాస్టల్ల, ఏ మేడమీది అర్రల విన్నరో తెల్వదు,
సగం హాలు ఒక్కసారి
నా క్యాసెట్ తిప్పుతున్నది.

బ్యాండు ఆగలే.
దానయ్య కింది తీగెను
అట్లనే పట్టుకున్నడు.
సఫ్దర్ కర్ర ఎత్తిండు, దించలే.
ఒక ఏడు పోయింది, ఉత్తగ.
డెంజిల్ కండ్లద్దాలు మార్చుకొని
మా దిక్కు చూసిండు.
అంతే.
మళ్ల తకిట.

అయిపోయినంక మెట్ల మీద
సఫ్దర్ మోకాలు రుద్దుకుంట కూసుండు.
చెప్దామని దగ్గరికి పోయిన.
‘అగ్గిపెట్టె ఉన్నదా?’ అన్నడు.
లేదన్న.
జరిగి చోటిచ్చిండు.
కూసున్న.