తాడు మీద ఎనిమిది పేజీలు

తాడూ బొంగరం లేనివాడని
నన్ను అందరూ అనేదే.
బొంగరం సంగతేమో గానీ
తాడు మాత్రం యుదోసియా ఇచ్చింది,
తన గాడిద మెడ నుంచి విప్పి,
సెర్తావ్ ఎండ ఇంకా ముదరని ఒక శనివారం పొద్దున.

"రెండు మేకుల మధ్య బిగించు.
పుస్తకాలు నడిమికి తెరిచి
ఉతికిన చొక్కాల్లా వేలాడదియ్యి.
ఇంతకు మించిన ప్రారంభోత్సవం
ఈ సంతలో ఎవరికీ జరగలేదు."

నా దగ్గరున్నది ఒకే ఒక్క కథ.
ఎనిమిది పేజీలు, ముప్పైరెండు పద్యాలు.
బావిలో పడ్డ మేకను తీయబోయి
ఊరంతా దిగి, ఊరంతా చిక్కుకున్న కథ.
అట్ట మీది బొమ్మ నేనే చెక్కాను,
ఉంబురానా చెక్క మీద, విరిగిన గొడుగు కమ్మీతో.
పేరును తిరగేసి చెక్కాలని మరిచాను.
అచ్చులో ఇవానిల్దో
అద్దం అవతల నిలబడ్డాడు.

"వచ్చే వారం సరిచేసి తెస్తాను" అన్నాను.
కర్రపెండలం పిండి బేరమాడుతూనే
నా వైపు తిరక్కుండా అందామె:
"జోయెల్మా కూడా అదే మాట అంది, మూడేళ్ళ కిందట.
ఇంకా సరిచేస్తూనే ఉంది, పాపం."

వేలాడదీశాను.
మొదటి పాఠకుడు ఒక మేక.
రెండో పేజీ దాకా నమిలి,
మిగతాది నచ్చలేదేమో, వదిలేసి పోయింది.
యుదోసియా నవ్వి నవ్వి దగ్గింది.
నేను నవ్వడానికి
మరో నాలుగు శనివారాలు పట్టింది.

రెండో వారం గొంతెత్తి చదివాను, చివరిదాకా.
చప్పట్లు కొట్టారు. వెళ్ళిపోయారు.
టోపీలో ఒక్క నాణెం లేదు.
"పిచ్చోడా, ఊరు బావిలో ఉండగానే ఆపాలి.
పైకి తీసుకోవడం వాళ్ళ పని.
డబ్బిచ్చి, ఇంటికెళ్ళి తీసుకుంటారు."

పక్క తాడు కితేరియోది.
అతని దయ్యాల కథలు వేడి జొన్నపొత్తుల్లా పోయేవి.
నేనూ ఒక దయ్యాన్ని రాశాను.
కొమ్ములు పెట్టాను, గంధకం వాసన పెట్టాను.
నెల రోజులు తాడు మీదే ఎండింది.
ఆమె ఒక్క పద్యం చదివి మూసింది:
"దీన్ని నువ్వెప్పుడన్నా చూశావా?
చూడలేదు. మేకను చూశావు."

ఆరంభశూరులను ఆమె చాలామందిని చూసింది.
ఎవరి పేర్లూ చెప్పదు.
ఖాళీ మేకులు చూపిస్తుంది.

తొమ్మిదో వారం అబ్దియాస్ వచ్చాడు, నీళ్ళ లారీ తోలతాడు.
చదువు రాదు. అయినా కొన్నాడు,
కొని నా చేతికే ఇచ్చి "చదువు" అన్నాడు.
చివరి పద్యం అయ్యాక
చాలాసేపు లారీ టైరును చూస్తూ ఉండి:
"అబద్ధం. బావికి మెట్లుంటాయి.
మా నాన్న తవ్వినవాటికన్నీ ఉండేవి.
ఒక్కదానికే ఉండవు. ఎందుకో చెప్పనా?"

చెప్పాడు.
నా రెండో పుస్తకం అది.
విమర్శ అనుకుని మొహం తిప్పుకుని ఉంటే
ఆ బావి అతని గొంతులోనే పూడిపోయేది.

అన్నీ ఆమె చెప్పినట్టే చేశానని అనను.
"అమ్మినవి లెక్కపెట్టకు, లెక్క చేతిని వణికిస్తుంది" అనేది.
ఆమె పొగాకు డబ్బా మూత లోపల
గోటితో గీసిన గీతలు చూశాను ఒకసారి,
యాభై ఏళ్ళవి, చీమల బారులా.
చూసినట్టు ఆమెకు చెప్పలేదు.

ఎనిమిది నెలల తర్వాత వాన పడిన శనివారం
సంతలో ఎవరూ లేరు, అందరూ విత్తనాలకు పోయారు.
తడిసిన తాడు కింద
ఆమె, నేను, గాడిద.
అయినా చదవమంది.
చదివాను. గాడిద చెవి కదిపింది.
ఆ రోజే, పదిహేడో పద్యంలో
ఒక మాట ఎక్కువైందని నాకు వినిపించింది.

మొన్న మేక కథ రెండో అచ్చుకు
పాత చెక్క బయటికి తీశాను,
పేరు సరిచేద్దామని.
బయట పిల్లలు అరుస్తున్నారు,
అట్ట మీద ఉన్నది ఉన్నట్టు చదువుకుని
రెండేళ్ళుగా నన్ను పిలిచే పేరుతో:
"ఓద్లినావీ! ఓద్లినావీ!
బావిలోంచి అందరూ వచ్చేశారా?"

కమ్మీ పక్కన పెట్టి
సిరా కలిపాను.